పదకొండు యూనిట్లు

యారాడ కొండ మెడ మీది హోటలుకి
కరెంటు తీసేసి ఎనిమిదేళ్లు.
హుద్‌హుద్ రాత్రి పెంకులన్నీ గంగవరం వైపు ఎగిరిపోయాక
బిల్లు కట్టినవాడు లేడు.
సర్వీసు నంబరు కొట్టేసే ఫైలు
ఏ బల్ల మీద నిద్రపోతోందో,
నెలకోసారి నేనింకా మెట్లెక్కుతూనే ఉన్నాను.
నూట నలభై రెండు మెట్లు,
మధ్యలో మూడు లేవు.

గోడకి మీటరు. మీటరులో బల్లి గుడ్లు.
కిందటి నెల మీద పదకొండు యూనిట్లు ఎక్కువ.
అంతకు ముందు నెలా పదకొండే.
ఏఈ గారు నవ్వి మీటరు మార్పించారు.
కొత్తదీ అదే నేర్చుకుంది.

"తొమ్మిదో గది దొరసాని బాబూ" అంది
మెట్ల మొదట్లో టీ కొట్టు నూకరత్నం,
"మొగుడి ఓడ కోసం దీపమెట్టుకు కూకుంటాది.
పాపం, దానికేటి తెలుసు బిల్లు సంగతి."

ఆటోవాళ్ల దొరసాని వేరు:
తెల్ల గౌనేసుకుని ఘాటు మలుపులో లిఫ్టు అడుగుతుంది,
సింధియా దగ్గర దిగి చిల్లర కూడా ఇస్తుంది.
కాలేజీ పిల్లలకి పియానో వినబడుతుంది.
పియానో ఎప్పుడో చెదలు తిన్నాయి,
నేను చూశాను, పళ్లూడిన నోరులా తెరుచుకుని ఉంది.

మాంగనీసు అమ్మినవాడెవడో కట్టాడు దీన్ని.
యుద్ధంలో మిలిటరీ తీసుకుని
అద్దాలకి తారు కాగితం అంటించింది.
జపాను బాంబులు రేవు మీద పడ్డ రోజు
పట్నం మొత్తం బళ్లు కట్టుకుని పారిపోతుంటే
మిసెస్ డిక్రూజ్ ఒక్కతే వరండాలో కూర్చుని
ఖాళీ గదులకి తాళాలు లెక్కపెట్టుకుందట.
తర్వాత సినిమావాళ్లు, తర్వాత కొత్త జంటలు,
రోజుకి అరవై రూపాయలు, వేడినీళ్లు అదనం.

ఆ వేడినీళ్లు ఎవరు మోశారో
ఏ దెయ్యం కథలోనూ లేదు.

ఆఫీసు గదిలో, కూలిన అల్మారా కింద,
జీతాల పుస్తకం దొరికింది.
వేలిముద్రలు. పదకొండు అని చెప్పాలని ఉంది,
లెక్కపెట్టాను, తొమ్మిదే.
ఆఖరి పేజీలో ఆకుపచ్చ సిరాతో:
ఎర్నమ్మ, నీళ్లు, పైకి ముప్పై కావిళ్లు,
ఇవ్వవలసినది ఏడు రూపాయల నాలుగణాలు.
దాని కింద గీత కొట్టలేదు.

ఆవేళ దిగుతుంటే కనబడింది వైరు.
సీతాఫలం పొదల్లోంచి, బండల సందులోంచి,
ఆరిన పేగులా జారి
నూకరత్నం కొట్టు వెనక రేకుల్లోకి దూరింది.
ఒక బల్బు, ఒక చిన్న ఫ్యాను.
నెలకి ఎంత కాలుతుందో నాకు ప్రత్యేకం చెప్పాలా?

గ్లాసు చేతికిస్తూ నా కళ్లలోకి చూసింది.
"ఎర్నమ్మ ఎవరు?" అన్నాను.
"మా మామ్మ. నీకెలగ తెలుసు?"
టీలో అల్లం ఎక్కువైంది. దగ్గుతూ
గమనిక గడిలో 'తలుపు తాళం' అని రాశాను.
"దొరసాని బావుందా?" అంది.
"బావుంది. దీపం వెలుగుతోంది."

కథ ఇక్కడ ఆపేస్తే నాకూ హాయి.

శ్రావణంలో కూతురి కాన్పుకి
కేజీహెచ్ వరండాలో చాపేసుకుంది నూకరత్నం.
నెలంతా కొట్టు మూసే ఉంది.
వెళ్లే ముందు వైరు తనే విప్పి, చుట్ట చుట్టి,
బియ్యం డబ్బాలో దాచి
తాళంచెవి నా చేతిలో పెట్టింది.
డబ్బా తెరిచి చూశాను. చుట్ట చుట్టినట్టే ఉంది.

వాన. పైకెక్కాను.
మూడు లేని మెట్ల దగ్గర
నా ముందెవరో బరువు దించి
ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తుకున్నట్టు
రాతి మీద రెండు తడి గుండ్రాలు,
కుండ అడుగులంత.
వానలో తడి గుండ్రాలేమిటని అడగకండి,
నేనూ అక్కడే నిలబడిపోయాను.

తర్వాత బల్లి గుడ్లు పక్కకి జరిపి
టార్చి వేశాను.

పదకొండు.